వన్ టౌన్‌లో నోట్ల హారం కట్టించాం: నోటుకు సూది తగలలేదు, గమ్ము అంటలేదు

పోయిన మాఘమాసంలో మా అమ్మాయి పెళ్ళికి నోట్ల హారం ఒకటి కట్టించాం. విజయవాడ వన్ టౌన్‌లో, పంజా సెంటర్ నుంచి నడిచి వెళ్ళే దూరంలో, కొండవైపు ఎక్కే ఇరుకు సందులో ఒక ఇంటి మేడ మీద కడతారు. బోర్డు లేదు. కింద గాజుల కొట్టు, పక్కన ఇనుప మెట్లు. పైకి వెళ్తే ఒకే గది, నేల మీద చాప, గోడకి వేలాడుతున్న సెహ్రాలు, అంటే పెళ్ళికొడుకు తలపాగాకు కట్టే పూల తెరలు. అరవై దాటిన ఒక భాయ్, ఆయన కోడలు, ఇద్దరే పని చేస్తారు. ఆ పని బాగా నచ్చింది కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

మా అల్లుడిది లూథియానా. వాళ్ళ వైపు పెళ్ళికొడుకు బరాత్‌కు, అంటే పెళ్ళి ఊరేగింపుకు బయలుదేరే ముందు సెహ్రాబందీ అని ఒక తంతు ఉంటుంది. తలపాగాకు ముందు వేలాడేలా పూల సెహ్రా కట్టి, పెద్దవాళ్ళు మెడలో నోట్ల హారం వేస్తారు. పంజాబ్, ఢిల్లీ వైపూ, సరిహద్దు దాటి లాహోర్ వైపూ ఇది మామూలే. ఢిల్లీ చాందినీ చౌక్‌లో కినారీ బజార్ అని ఒక సందు ఉంది, అక్కడ లేసులు, గోటా అనే జరీ పట్టీ, సెహ్రాలు, ఈ హారాలు వరసగా అమ్ముతారు. మా వియ్యపురాలు గారు అక్కడే కొనాలనుకున్నారు. "బెహన్‌జీ, అంత దూరం సూట్‌కేసులో పెట్టి తెస్తే నలిగిపోతుంది, మీ ఊళ్ళో ఎవరైనా కడతారా?" అని ఫోన్ చేసి అడిగారు. కనుక్కుంటానని మాటిచ్చాను.

నేను బ్యాంకులో క్యాషియర్‌గా 37 ఏళ్ళు చేసి 2018లో రిటైరయ్యాను. నోట్ల హారం అనగానే నాకు 2016 నవంబరు గుర్తొస్తుంది. పాత 500, 1000 నోట్లు రద్దయ్యాక మా కౌంటర్ ముందు క్యూ రోడ్డు దాకా ఉండేది. ఆ క్యూలో ఒకాయన పాలిథిన్ కవర్లో ఒక దండ తెచ్చారు. ఆయన పెళ్ళినాటిది, బీరువాలో దాచుకున్నారట. అన్నీ 500 నోట్లు. ఒక్కో నోటుకు రెండు స్టేప్లర్ పిన్నులు, వెనక ఫెవికాల్. వాటిని విప్పడానికి నాకూ పక్క కౌంటర్ అమ్మాయికీ గంట పట్టింది. కొన్ని అట్టతో సహా ఊడాయి, రెండు చిరిగాయి. ఆయన పక్కన నిలబడి ఒక్కో పిన్ను తీస్తుంటే చూస్తూ ఉన్నారు, ఏమీ మాట్లాడలేదు. ఆ ముఖం నాకింకా కళ్ళ ముందుంది.

అందుకే మొదట నాకు ఇష్టం లేదు. నోట్లను దండలు కట్టొద్దని, పందిళ్ళకు, గుళ్ళకు అలంకరించొద్దని, సభల్లో మనుషుల మీద చల్లొద్దని రిజర్వు బ్యాంకు ఎన్నోసార్లు విజ్ఞప్తి చేసింది. నోట్లు శుభ్రంగా ఉండాలనే క్లీన్ నోట్ పాలసీ 1999లో వచ్చింది. 2001లో నోట్ల కట్టలకు పిన్నులు కొట్టొద్దని, కాగితం బ్యాండు వేయమని బ్యాంకులకు ఆదేశం వచ్చింది. దానికి ముందు ప్రతి కట్టకూ లావుపాటి పిన్నులుండేవి. అవి ఊడదీయడానికి మా దగ్గర మొద్దు చాకులుండేవి, గోళ్ళు చీలిపోయేవి. పిన్నులు కొట్టొద్దనే బోర్డు నా కౌంటర్ పక్కన నా చేత్తోనే అతికించాను. ఇప్పుడు మా ఇంటి పెళ్ళికే దండ కట్టించాలంటే మనసు ఒప్పుకోలేదు. అలాగని అంత దూరం నుంచి మన అమ్మాయి కోసం వస్తున్నవాళ్ళు ఒక్కటి అడిగితే కాదనడానికీ మనసు రాలేదు. కట్టినన్ని నోట్లూ కట్టినట్టే, చిల్లు పడకుండా, మరక లేకుండా తిరిగి రావాలి, అలా కట్టేవాళ్ళు దొరికితే సరే అని మావారితో చెప్పాను.

అంతకు ముందు వేరే ఒక దుకాణానికి వెళ్ళాం. అక్కడ రెడీమేడ్ హారం చూపించారు. వెయ్యి రూపాయల విలువైన పది రూపాయల నోట్లకు 2,200 చెప్పారు, నోట్లు కూడా వాళ్ళవే. తిప్పి చూస్తే వెనకంతా పిన్నులు, నోట్ల మధ్యలో పారదర్శక టేపు. "విప్పితే చిరుగుతాయి కదా" అంటే "ఎవరు విప్పుతారమ్మా" అన్నారు. బయటికి వచ్చేశాం. టేపు సంగతి చాలామందికి తెలియదు కాబట్టి చెప్తున్నాను. టేపు లాగితే నోటు మీద రంగు కూడా లేచి వస్తుంది. నోటు కాగితం పత్తితో చేసేది, మన గుంటూరు వైపు పొలాల్లో పండే పత్తిలాంటిదే. మడిస్తే తట్టుకుంటుంది, తడిస్తే తట్టుకుంటుంది, జిగురుకు మాత్రం లొంగిపోతుంది.

మా పనిమనిషి పెద్దకూతురి నిఖాకి సెహ్రా కట్టింది ఈ భాయ్ దగ్గరేనట. ఆమె చెబితే వెళ్ళాం. ఆయన చేసేది ముఖ్యంగా ముస్లిం పెళ్ళిళ్ళకు సెహ్రాలు, వన్ టౌన్‌లో ఉండే మార్వాడీ కుటుంబాలకు హారాలు. వెళ్ళగానే ఆయన అడిగిన మొదటి మాట, "అమ్మా, నోట్లు మీరు తెచ్చుకుంటారా? నేను నోట్లు అమ్మను" అని. నాకు అక్కడే సగం నమ్మకం కుదిరింది. కొత్త నోట్ల కట్టలు ఎక్కువ ధరకు అమ్మే వ్యాపారం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వెయ్యి రూపాయల కట్ట మీద రెండు మూడొందలు తీసుకుంటారు. మీరు మీ బ్యాంకులో ముందుగా అడిగి పెట్టుకోండి, నిల్వ ఉంటే ముఖ విలువకే ఇస్తారు. నాకు మా పాత బ్రాంచిలో రెండు కట్టలు దొరికాయి, పది రోజులు ఆగాల్సి వచ్చింది.

ఎంతకు కట్టాలని అడిగారు. భాయ్ వాళ్ళ లెక్క 51, 101. పంజాబీల్లోనూ అంతే, చివర ఒక్క రూపాయి కలవకుండా శుభం అనుకోరు. మన లెక్క 116, 1,116. నేను వెయ్యిన్నూటపదహార్లు కావాలన్నాను. భాయ్ కాసేపు ఆలోచించి, "పది రూపాయల నోట్లతో పదహారు ఎలా వస్తుందమ్మా?" అన్నారు. నేను లెక్క వేసుకునే వెళ్ళాను. 111 పది రూపాయల నోట్లు, ఒక అయిదు నోటు, ఒక రూపాయి నోటు. మొత్తం 113 కాగితాలు, 1,116 రూపాయలు. రూపాయి నోటు, అయిదు నోటు నేను రిటైరయ్యే ముందు నా డబ్బుతో మార్చుకుని కవర్లో దాచుకున్నవి. రూపాయి నోటు రిజర్వు బ్యాంకుది కాదు, భారత ప్రభుత్వానిది, దాని మీద ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది. ఆపేసిన ఆ నోటును మళ్ళీ 2015లో విడుదల చేశారు. భాయ్ కోడలు దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసి, "ఇలాంటిది నేను చిన్నప్పుడు చూశాను మేడమ్, మళ్ళీ ఇప్పుడే" అంది.

ఇక పని గురించి. నేను రెండు మధ్యాహ్నాలు అక్కడే చాప మీద కూర్చుని చూశాను.

నోటు 123 మిల్లీమీటర్ల పొడవు, 63 వెడల్పు. 2018లో వచ్చిన చాక్లెట్ రంగు, కోణార్క్ చక్రం ఉన్న పది నోటు సైజు అది. భాయ్ కోడలు పొట్టి అంచు పట్టుకుని, చీర కుచ్చిళ్ళు పెట్టినట్టు సెంటీమీటరుకొక మడత చొప్పున నోటు పొడవంతా మడుస్తుంది. గోరుతో గీయదు. బొటనవేలి మెత్తటి భాగంతో నొక్కుతుంది అంతే. గోరు పెడితే మడత దగ్గర తెల్లగీత పడి, నాలుగు చేతులు మారేసరికి అక్కడే చిరుగుతుందని ఆమె మాట. కౌంటర్లో నేను చూసిందీ అదే. మడతలన్నీ అయ్యాక నడుము దగ్గర దారం వేసి, రెండు పక్కలా విసనకర్రలా విప్పుతుంది. రెండు విసనకర్రలు కలిస్తే గుండ్రటి పువ్వు. ఒక నోటుకు ఒక పువ్వు.

మామూలుగా ఆ అంచులు కలిపే చోటే గమ్ము పెడతారు, లేదా పిన్ను కొడతారు. ఇక్కడ పువ్వు వెనక బంగారు రంగు అట్టతో చేసిన చిన్న బిళ్ళ ఉంటుంది, దానికి చీలికలుంటాయి. నోటు అంచులు అందులో దూరుస్తుంది, పాత ఫొటో ఆల్బమ్‌లో ఫొటో మూలలు దూర్చినట్టు. నడుముకు వేసిన దారం జారుముడి. ఆ దారం కొస ఎర్ర శాటిన్ పట్టీలోకి వెళ్తుంది. పట్టీ వెనక దర్జీలు కాలర్లకు వాడే కాన్వాస్ కుట్టి, వరసగా కాజాలు తీసి పెట్టారు. ఒక్కో పువ్వు దారం ఒక్కో కాజాలోంచి వెనక్కి వెళ్ళి, అక్కడ పొడవునా పరిచిన ఒక లావు దారానికి చిక్కుకుంటుంది. ఆ లావు దారం కొస పట్టుకుని లాగితే ఒక వరస పూలన్నీ ఒకేసారి వదులవుతాయి. బియ్యం బస్తా మూతి కుట్టు సరైన కొస దొరికితే సర్రున ఊడొచ్చినట్టు. మా నాయనమ్మ అరటినార తడిపి మల్లెపూలు కట్టేది, ఎంత గుప్పెడు కట్టినా ఒక్క కాడ నలిగేది కాదు. ఈ అమ్మాయి వేళ్ళు చూస్తుంటే ఆమే గుర్తొచ్చింది.

111 పూలు మూడు వరసలుగా, వరసకు 37 చొప్పున సరిగ్గా కుదిరాయి. అయిదు నోటు 117 మిల్లీమీటర్లు, కాబట్టి అదీ పువ్వయింది. దాన్ని కింద లాకెట్ పైన పెట్టారు, ఆకుపచ్చగా విడిగా కనపడుతుంది. రూపాయి నోటు దగ్గరే ఆగాం. అది 97 మిల్లీమీటర్లే. మడతలు పెట్టి విప్పితే గుండ్రం పూర్తికాలేదు, మడతలన్నీ చదునైపోయి కూడా ఒక పక్క సందు మిగిలింది. ఆ అమ్మాయి మూడుసార్లు ప్రయత్నించి నోటు నలుగుతుందేమోనని ఆపేసింది. భాయ్ లాకెట్‌కు కిటికీ కోసి, పారదర్శక కాగితం వేసి, రూపాయి నోటును మడవకుండా లోపల నిలబెట్టారు. చుట్టూ గోటా అంచు. హారం మొత్తంలో అందరూ దగ్గరికొచ్చి చూసింది ఆ కిటికీనే.

భాయ్ తన పని గురించి తక్కువే మాట్లాడతారు. "నోటుకి సూది తగలకూడదు, మా నాన్న నేర్పింది ఇంతే" అన్నారు ఒకసారి. పెద్ద నోట్లతో కట్టమని ఎవరైనా వస్తారా అంటే, ఎన్నికలప్పుడు వస్తారని చెప్పారు. 2010 మార్చిలో లక్నోలో అప్పటి ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి మాయావతి గారికి వేసిన వెయ్యి రూపాయల నోట్ల దండ టీవీలో వచ్చిన తర్వాత చాలామంది అలాంటిది కావాలని అడిగారట. ఆయన 100 నోటు దాటి కట్టరు. అంత డబ్బు రాత్రిపూట ఇంట్లో పెట్టుకుని నిద్రపోలేనన్నారు. దసరాల్లో వాసవీ కన్యకా పరమేశ్వరి గుళ్ళలో అమ్మవారికి చేసే నోట్ల అలంకారానికి మాత్రం పూలు ఎలా మడవాలో చూపించమని కొందరు ఆర్యవైశ్యుల పిల్లలు వస్తారు, వాళ్ళకి డబ్బు తీసుకోకుండా నేర్పుతారు. పిల్లల ఆటనోట్లతో దండలు కూడా ఉన్నాయి, స్కూలు వార్షికోత్సవాలకు తీసుకెళ్తారు, 150 రూపాయలు.

మాకు తీసుకున్నది పనికి 850 రూపాయలు, అందులో పట్టీ, గోటా, లాకెట్ అన్నీ కలిసే. నోట్లు తీసుకునేటప్పుడు ఆయన నా ముందే లెక్కపెట్టి, కట్ట మొదటి నంబరు, చివరి నంబరు నోటుబుక్‌లో రాసి, నా సంతకం తీసుకున్నారు. ఇచ్చేటప్పుడు మళ్ళీ పువ్వు పువ్వూ లెక్కపెట్టి అప్పజెప్పారు. 37 ఏళ్ళు ఆ పనే చేసిన మనిషిని, నాకు ఆయన నోటుబుక్ చూస్తే కడుపు నిండిపోయింది.

బాగాలేనివి కూడా చెప్పాలి. గురువారం ఇస్తానన్నది శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి ఇచ్చారు. శనివారం పొద్దున సెహ్రాబందీ. ఆ ఒక్కరోజు మా ఇంట్లో అందరికీ టెన్షన్. ఫోన్ చేస్తే ఎత్తరు, పని మధ్యలో ఫోన్ ముట్టుకోరట. కాబట్టి మీ ముహూర్తానికి నాలుగు రోజుల ముందు తేదీ చెప్పండి. రెండోది, గోటా అంచు గరుకుగా ఉంటుంది. మా అల్లుడు షేర్వానీ కాలరు ఎత్తుగా ఉండబట్టి సరిపోయింది, మామూలు కుర్తా అయితే మెడ ఒరుసుకుపోయేది. మెడ వెనక జానెడు మేర గోటా లేకుండా ఉత్త శాటిన్ వేయమని ముందే అడగండి. మూడోది, లాకెట్ బరువుకు హారం ఒక పక్కకి తిరిగిపోతుంది. మేం భుజాల దగ్గర చిన్న కొక్కేలు కుట్టించుకున్నాం, అడిగితే వేస్తారు కానీ వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద గాజుల కొట్టులో చెబితే ఆ అమ్మాయే దిగి వస్తుంది. పూల డిజైన్లు మూడు నాలుగే. నెమలి, ఏనుగు ఆకారాలు కావాలనుకునేవాళ్ళకి ఈ చోటు పనికిరాదు.

పెళ్ళిరోజు హారాన్ని అల్లుడి తాతగారు వేశారు. మా వియ్యపురాలు గారు కిటికీలోని రూపాయి నోటు చూసి ఇదేంటని అడిగితే, మా అమ్మాయి వాళ్ళకి పదహార్ల సంగతి హిందీలో చెప్పింది. తలంబ్రాలకు ముందు హారం తీసేయించాను, పసుపు బియ్యం మడతల్లో ఇరుక్కుంటే మరకలు పోవు. అప్పటికే ఎవరో అక్షింతలు వేసినట్టున్నారు, పై వరసలో ఒక నోటుకు పసుపు అంటింది. మంటపంలో బంగాళాదుంపల కూర వాసన, నాదస్వరం, వాళ్ళ ఢోల్, అన్నీ కలిసి నాకు ఆ రోజు సరిగా ఏదీ గుర్తులేదు కానీ, ఆ హారం తీసి పెట్టెలో పెట్టిన క్షణం మాత్రం గుర్తుంది.

మూడో రోజు వియ్యపురాలు గారూ నేనూ మా ముందుగదిలో దుప్పటి పరుచుకుని కూర్చున్నాం. పట్టీ వెనక్కి తిప్పి, భాయ్ చూపించిన కొస పట్టుకుని నేను లాగాను. మొదటి వరస 37 పూలూ ఆమె ఒళ్ళోకి రాలాయి. ఆమె చప్పట్లు కొట్టారు. బిళ్ళలు తీసి, మడతలు చేత్తో సాపు చేసి, పెద్ద నిఘంటువు కింద రాత్రంతా బరువు పెట్టాం. పొద్దున్నే లెక్కపెట్టాను. 113. చిల్లు లేదు, చిరుగు లేదు, జిగురు లేదు. పసుపు మరక ఒకటి. కట్టకు కాగితం బ్యాండు వేసి ఆమె చేతిలో పెట్టాను. పది రూపాయల నోట్లు ఆమె పనివాళ్ళకి, పిల్లలకి పంచారు. అయిదు, రూపాయి మా అమ్మాయి పర్సులో ఉన్నాయి.

పట్టీ తిరిగి ఇస్తే భాయ్ 200 వాపసు ఇస్తారు. మేం ఇవ్వలేదు. అది లూథియానా వెళ్ళింది, వైశాఖంలో వాళ్ళ మేనల్లుడి పెళ్ళికి వాడతారట. ముడి ఎలా వేయాలో వీడియో తీసి పంపమని వియ్యపురాలు గారు రోజూ అడుగుతున్నారు. భాయ్ కోడలిని అడిగాను, ముఖం పడకుండా చేతులు మాత్రమే తీస్తే సరేనంది. శనివారం మధ్యాహ్నం వెళ్తున్నాను, మిగిలిపోయిన రెండో కట్టలోంచి పది కొత్త నోట్లు పట్టుకుని.